అణు ఒప్పందాలు: అమెరికా అధ్యక్షుడికి కాంగ్రెస్ వేసిన కళ్లెం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరాన్‌తో చర్చలన్నా, సౌదీ అరేబియాకు రియాక్టర్లన్నా, మన కొవ్వాడ అణు విద్యుత్ ప్రాజెక్టు అన్నా మాట చివరికి ఒకే చోటికి వస్తుంది. అమెరికా అధ్యక్షుడు మాట ఇస్తే అది ఎంతకాలం నిలుస్తుంది? ఆ మాట వెనక అక్కడి చట్టసభ ఉందా, ఉంటే ఏ మేరకు ఉంది అన్నదాన్ని బట్టే జవాబు ఉంటుంది. అందుకే ఈ పేజీలో సంతకాల కంటే ఓట్ల లెక్కలు ఎక్కువ కనిపిస్తాయి. ఇక్కడ కాంగ్రెస్ అన్న చోటల్లా అమెరికా చట్టసభ అనే అర్థం. 100 మంది సెనేట్, 435 మంది ప్రతినిధుల సభ కలిస్తే అది కాంగ్రెస్.

అధ్యక్షుడు సంతకం పెట్టేస్తే ఒప్పందం అయిపోయినట్టు కాదా?

కాదు. అమెరికా రాజ్యాంగం రెండో అధికరణం ప్రకారం ట్రీటీ (దేశాల మధ్య సంధి) చేసుకునే అధికారం అధ్యక్షుడిదే. కానీ సభలో హాజరైన సెనేటర్లలో మూడింట రెండొంతుల మంది సమ్మతిస్తేనే అది అమలుకు వస్తుంది. అణు పరీక్షలను పూర్తిగా నిషేధించే సీటీబీటీని చూడండి. క్లింటన్ 1996 సెప్టెంబర్ 24న సంతకం చేశారు. మూడేళ్ల తర్వాత, 1999 అక్టోబర్ 13న సెనేట్‌లో ఓటింగ్ జరిగితే అనుకూలంగా 48, వ్యతిరేకంగా 51 పడ్డాయి. మూడింట రెండొంతుల సంగతి అలా ఉంచితే, సగం కూడా రాలేదు. ఆ సంతకం ఇప్పటికీ అలాగే ఉంది, ట్రీటీకి మాత్రం సెనేట్ ఆమోదం లేదు.

అయితే అన్ని అణు ఒప్పందాలూ సెనేట్‌కు వెళ్లాల్సిందేనా?

వెళ్లవు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒప్పందానికి ఏ రూపం ఇవ్వాలో చాలావరకు అధ్యక్షుడే నిర్ణయిస్తాడు. ట్రీటీ చేస్తే 67 ఓట్లు కావాలి. రెండు సభలూ మామూలు మెజారిటీతో చట్టం చేసి అనుమతిచ్చే దారి ఇంకొకటి. అధ్యక్షుడు తన సొంత అధికారంతో చేసుకునే కార్యనిర్వాహక ఒప్పందం మూడోది. 1972 నాటి కేస్ చట్టం ప్రకారం దాని సమాచారం కాంగ్రెస్‌కు ఇవ్వాలి, అనుమతి మాత్రం అడగనక్కర్లేదు. చట్టపరంగా కట్టుబడి ఉండనక్కర్లేని రాజకీయ హామీ అన్నింటికన్నా తేలికైన రూపం.

రూపం తేలికయ్యే కొద్దీ పని త్వరగా అవుతుంది. తర్వాత వచ్చే అధ్యక్షుడు దాన్ని అంత త్వరగానే పక్కన పెట్టేయగలడు కూడా.

ఆయుధాలు తగ్గించుకునే ఒప్పందాన్ని అధ్యక్షుడు సెనేట్‌కు పంపకుండా చేసుకోవచ్చా?

ఈ విషయంలో 1961లోనే గేటు వేశారు. ఆయుధ నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసిన చట్టంలో ఒక నిబంధన ఉంది: అమెరికా ఆయుధాలను తగ్గించే లేదా పరిమితం చేసే బాధ్యత నెత్తిన వేసుకోవాలంటే ట్రీటీ ద్వారా చేయాలి, లేదా కాంగ్రెస్ చట్టం చేసి అనుమతించాలి. నిక్సన్ 1972లో మాస్కోలో రెండు పత్రాలపై సంతకం చేస్తే రెండూ ఈ గేటు దాటే వెళ్లాయి. క్షిపణి రక్షణ వ్యవస్థలను పరిమితం చేసే ఏబీఎం ట్రీటీకి సెనేట్ 88-2తో సమ్మతించింది. దాడి ఆయుధాలపై అయిదేళ్ల తాత్కాలిక ఒప్పందాన్ని మాత్రం రెండు సభలూ సంయుక్త తీర్మానంతో ఆమోదించాయి. ఆమోదిస్తూనే, సెనేటర్ హెన్రీ జాక్సన్ సవరణ రూపంలో ఒక షరతు జోడించాయి: ఇకపై చేసుకునే ట్రీటీలో అమెరికా వాటా సోవియట్ కంటే తక్కువ కాకూడదు. ‘ఔను’ అంటూనే తర్వాతి చర్చలకు హద్దు గీయడం కాంగ్రెస్‌కు బాగా తెలిసిన విద్య.

ట్రీటీ దారిలో వెళ్లి గట్టెక్కినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఒకప్పుడు భారీ మెజారిటీలతో. అణు వ్యాప్తి నిరోధక ఒప్పందానికి (ఎన్‌పీటీ) 1969లో 83-15, మధ్యశ్రేణి క్షిపణులను రద్దు చేసిన రీగన్-గోర్బచేవ్‌ల ఐఎన్ఎఫ్ ట్రీటీకి 1988లో 93-5. రష్యాతో అణ్వాయుధాలు తగ్గించుకునేందుకు ఒబామా తెచ్చిన న్యూ స్టార్ట్ 2010 డిసెంబర్ 22న 71-26తో బయటపడింది. దాని కోసం ఒబామా ప్రభుత్వం పెద్ద మూల్యమే చెల్లించింది. అణ్వాయుధ కర్మాగారాలు, ప్రయోగశాలల ఆధునికీకరణకు పదేళ్లలో 8,500 కోట్ల డాలర్లు పెడతామని మాట ఇవ్వాల్సి వచ్చింది. ఆ మాట కోసం పట్టుబట్టిన సెనేటర్ జాన్ కైల్ చివరికి ‘వద్దు’ అనే ఓటు వేశారు.

దూరశ్రేణి అణ్వాయుధాలకు హద్దులు పెట్టే సాల్ట్-2 కథ వేరు. కార్టర్, సోవియట్ నేత బ్రెజ్నెవ్ 1979 జూన్‌లో వియన్నాలో సంతకాలు చేశారు. డిసెంబర్‌లో సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి దిగాయి. జనవరిలో కార్టర్ తానే సెనేట్‌కు రాసి చర్చ ఆపించారు. అది ఓటింగ్ దాకా వెళ్లనే లేదు. అయినా రెండు దేశాలూ 1986 వరకు ఇంచుమించు దాని హద్దుల్లోనే ఉన్నాయి.

‘123 ఒప్పందం’ అంటే ఏమిటి? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

1954 నాటి అమెరికా అణుశక్తి చట్టంలోని 123వ సెక్షన్ నుంచి. పౌర అవసరాల కోసం రియాక్టర్లు, ఇంధనం, వాటి ముఖ్య విడిభాగాలు ఏ దేశానికైనా అమ్మాలంటే ముందు ఆ దేశంతో ఈ సెక్షన్ కింద ఒప్పందం ఉండాలి. అందులో ఉండాల్సిన తొమ్మిది షరతులను చట్టమే రాసి పెట్టింది. ఇచ్చిన సామగ్రిపై శాశ్వతంగా తనిఖీలుండాలి. వాటితో బాంబు చేయకూడదు. అమెరికా అనుమతి లేకుండా మూడో దేశానికి బదిలీ చేయకూడదు. వాడిన ఇంధనాన్ని రీప్రాసెస్ చేసి ప్లుటోనియం తీయాలన్నా అనుమతి అడగాలి. అవతలి దేశం పరీక్ష జరిపితే ఇచ్చినవన్నీ వెనక్కి ఇమ్మని అడిగే హక్కు అమెరికాకు ఉండాలి. మిగిలిన షరతులూ ఇదే ధోరణిలో సాగుతాయి.

అంటే బేరసారాలు మొదలవ్వకముందే అధ్యక్షుడి చేతిలో చట్టసభ రాసిచ్చిన జాబితా ఉంటుందన్నమాట. ఓటు కంటే ఈ జాబితాయే గట్టి కళ్లెమని నాకనిపిస్తుంది. ఓటు ఒక రోజుతో ముగుస్తుంది, జాబితా మాత్రం చర్చల గదిలో ప్రతి రోజూ కూర్చునే ఉంటుంది.

ఆ తొమ్మిది షరతులూ తీరితే కాంగ్రెస్ ఏం చేస్తుంది?

ఒప్పందం రెండు దశల్లో కాంగ్రెస్ ముందు ఉంటుంది. మొదట 30 రోజుల సంప్రదింపులు, తర్వాత 60 రోజుల పరిశీలన. రెండూ సభలు నడిచే రోజుల లెక్కలోనే. ఆలోగా రెండు సభలూ తిరస్కార తీర్మానం చేయకపోతే ఒప్పందం దానంతటదే అమలుకు సిద్ధమవుతుంది. అంటే కాంగ్రెస్ మౌనమే అంగీకారం.

ఒక్క షరతు నుంచైనా మినహాయింపు కావాలంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు రెండు సభలూ నోరు తెరిచి ‘ఔను’ అనాల్సిందే, మౌనం చాలదు. భారత్ విషయంలో జరిగింది ఇదే.

తిరస్కరించడం అంత కష్టమెందుకు?

దీనికి కారణమైన కేసులో ఒక భారతీయ సంతతి వ్యక్తి ఉన్నాడు. కెన్యాలో పుట్టి, చదువు కోసం అమెరికా వచ్చిన జగదీశ్ చడ్డాను దేశం నుంచి పంపించేయాలని ప్రతినిధుల సభ ఒక్కటే తీర్మానించింది. ఆయన కోర్టుకెక్కారు. 1983లో సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది: చట్టబద్ధమైన ఫలితం రావాలంటే తీర్మానం రెండు సభల్లోనూ నెగ్గాలి, ఆపై అధ్యక్షుడి ముందుకు వెళ్లాలి. ఇమిగ్రేషన్ కేసుతో అణు ఒప్పందానికి ఏం సంబంధం అనిపించవచ్చు. అప్పటిదాకా 123 ఒప్పందాన్ని ఆపడానికి అధ్యక్షుడి సంతకం అక్కర్లేని తీర్మానం చాలు. ఆ పద్ధతి ఇక చెల్లదు కాబట్టి 1985లో సెక్షన్‌ను మార్చారు. ఇప్పుడు తిరస్కార తీర్మానం కూడా అధ్యక్షుడి బల్ల మీదకే వెళ్తుంది. తాను కుదుర్చుకున్న ఒప్పందాన్ని కొట్టేసే తీర్మానంపై ఏ అధ్యక్షుడైనా సంతకం పెడతాడా? వీటో చేస్తాడు. ఆ వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి.

ఫలితం చూడండి. ట్రీటీకి అధ్యక్షుడు మూడింట రెండొంతులు కూడగట్టుకోవాలి. 123 ఒప్పందంలో ఆ బరువు ఎదిరించేవాళ్ల నెత్తిన పడింది.

అయినా కాంగ్రెస్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. చైనాతో 1985లో కుదిరిన ఒప్పందానికి సంయుక్త తీర్మానంతో షరతులు తగిలించింది. అధ్యక్షుడు కొన్ని విషయాలను ధ్రువీకరించేదాకా ఎగుమతులు ఉండవంది. క్లింటన్ ఆ ధ్రువీకరణ ఇచ్చి ఒప్పందం అమలయ్యేసరికి 1998 వచ్చింది. రష్యాతో ఒప్పందాన్ని బుష్ 2008లో పంపించి, జార్జియా యుద్ధం తర్వాత కాంగ్రెస్‌లో గాలి ఎటు వీస్తోందో గ్రహించి వెనక్కి తీసుకున్నారు. ఒబామా 2010లో మళ్లీ పంపితే అది 2011 జనవరిలో అమలుకు వచ్చింది.

భారత్‌కు ప్రత్యేక చట్టం ఎందుకు అవసరమైంది?

తొమ్మిది షరతుల్లో ఒకటి: అవతలి దేశంలోని అణు కేంద్రాలన్నింటిపైనా అంతర్జాతీయ తనిఖీలుండాలి. ఎన్‌పీటీలో చేరని, సైనిక అణు కార్యక్రమం ఉన్న భారత్ దీనికి ఒప్పుకోదు. అందుకే 2005 జులై 18న బుష్, మన్మోహన్ సింగ్ ఉమ్మడి ప్రకటన చేశాక మొదట అమెరికా చట్టాన్నే సడలించాల్సి వచ్చింది. అదే హైడ్ చట్టం. ప్రతినిధుల సభ 2006 జులైలో 359-68తో, సెనేట్ నవంబర్‌లో 85-12తో తమ తమ బిల్లులను ఆమోదించాయి. బుష్ డిసెంబర్ 18న సంతకం చేశారు. మినహాయింపు ఇచ్చిన ఆ చట్టంలోనే ఒక ముల్లు ఉంది: భారత్ మళ్లీ అణు పరీక్ష జరిపితే మినహాయింపులన్నీ పోతాయి.

ఇది జరిగాక కూడా అసలు ఒప్పందం మళ్లీ కాంగ్రెస్ ఆమోదానికి వెళ్లాలి. 2007లో ఒప్పందంలోని మాటలు ఖరారయ్యాయి. 2008 ఆగస్టు 1న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) బోర్డు తనిఖీల ఒప్పందాన్ని ఆమోదించింది. సెప్టెంబర్ 6న అణు సరఫరాదారుల బృందం మినహాయింపునిచ్చింది. సెప్టెంబర్ 10న బుష్ కాంగ్రెస్‌కు పంపారు. సభల గడువు దగ్గర పడింది, వాల్‌స్ట్రీట్ కుప్పకూలుతోంది. అయినా మామూలుగా పట్టే నిరీక్షణ కాలాన్ని పక్కనపెట్టి ప్రతినిధుల సభ సెప్టెంబర్ 27న 298-117తో, సెనేట్ అక్టోబర్ 1న 86-13తో ఆమోదించాయి. దీని వెనక అమెరికాలోని భారతీయుల కృషి చాలా ఉంది. తెలుగువాళ్లతో సహా ప్రవాసులు తమ తమ నియోజకవర్గాల సభ్యులను కలిసి ఒప్పించే ప్రయత్నం చేశారు. అక్టోబర్ 10న ప్రణబ్ ముఖర్జీ, కండోలీజా రైస్ సంతకాలు చేశారు. చూశారుగా, ఇక్కడ సంతకం ఆఖరున వచ్చింది.

భారత్‌కు ఇంధనం ఆపబోమని అమెరికా ఇచ్చిన హామీ చట్టపరంగా చెల్లుతుందా?

ఈ ప్రశ్నకు జవాబు చాలా నెలలు బయటకు రాలేదు. ప్రతినిధుల సభ విదేశాంగ కమిటీ అడిగిన ప్రశ్నలకు అమెరికా విదేశాంగ శాఖ 2008 జనవరిలోనే రాతపూర్వకంగా జవాబులిచ్చింది. వాటిని బయటపెట్టవద్దని కోరింది. ఆ సమయంలో ఢిల్లీలో ప్రభుత్వం ఇదే ఒప్పందం మీద ఊగిసలాడుతోంది. కమిటీ ఛైర్మన్ హోవర్డ్ బెర్మన్ 2008 సెప్టెంబర్ 2న ఆ జవాబులను బయటపెట్టారు. ఇంధన సరఫరా హామీలు అధ్యక్షుడి రాజకీయ హామీలే తప్ప చట్టపరంగా కట్టిపడేసేవి కావన్నది వాటి సారాంశం. తర్వాత ఎనిమిది రోజులకు ఒప్పందాన్ని కాంగ్రెస్‌కు పంపుతూ బుష్ కూడా అదే మాట రాశారు.

చట్టసభకు ప్రశ్నించే హక్కు ఉండడం ఎందుకు ముఖ్యమో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మన పౌరులకు తెలియాల్సిన సంగతి మనకు వాషింగ్టన్ కమిటీ ద్వారా తెలిసింది.

మన పార్లమెంటుకు అలాంటి అధికారం లేదా?

లేదు. మన రాజ్యాంగంలో అంతర్జాతీయ ఒప్పందాలను పార్లమెంటు ఆమోదించాలన్న నియమం లేదు. 73వ అధికరణం కింద అది కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక అధికారం. అమలుకు చట్టం అవసరమైతే 253వ అధికరణం కింద పార్లమెంటు చేస్తుంది. 2008లో వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాక జులై 22న లోక్‌సభలో జరిగింది విశ్వాస పరీక్ష. 275-256తో ప్రభుత్వం నిలబడింది. సభ్యులు ఓటేసింది ప్రభుత్వం ఉండాలా వద్దా అన్నదానిపైనే. ఒప్పందంలోని ఒక్క వాక్యాన్ని మార్చే అవకాశం కూడా వాళ్లకు లేదు. రెండు ప్రజాస్వామ్యాలు ఒకే కాగితం మీద సంతకం చేశాయి. ఒకదాని చట్టసభ దాన్ని రెండుసార్లు జల్లెడ పట్టింది, ఇంకోదానికి జల్లెడే లేదు. ఇది సరిదిద్దుకోవాల్సిన లోటని గట్టిగా నమ్ముతాను.

ఒప్పందం అమల్లోకి వచ్చాక కాంగ్రెస్ మధ్యలో అడ్డుపడగలదా?

మహారాష్ట్రలోని తారాపూర్ అణు విద్యుత్ కేంద్రాన్ని అడగాలి. 1963 ఒప్పందం ప్రకారం ఆ కేంద్రానికి శుద్ధి చేసిన యురేనియం ఇచ్చేది అమెరికా. అది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌కు వచ్చి ఇంధన కడ్డీలుగా మారి తారాపూర్ వెళ్లేది. 1974లో పోఖ్రాన్ పరీక్ష జరిగింది. 1978లో కాంగ్రెస్ కొత్త చట్టం తెచ్చింది: దేశంలోని అన్ని కేంద్రాల్లో తనిఖీలకు ఒప్పుకోకపోతే ఇంధనం లేదు. పాత ఒప్పందానికీ అదే వర్తిస్తుందంది. 1980లో 38 టన్నుల ఇంధనానికి అమెరికా అణు నియంత్రణ కమిషన్ లైసెన్సు నిరాకరించింది. కార్టర్ తన అధికారంతో ఆ నిర్ణయాన్ని దాటి అనుమతిచ్చారు. అప్పట్లో దాన్ని రెండు సభలూ కలిసి ఆపొచ్చు. సెప్టెంబర్‌లో ప్రతినిధుల సభ 298-98తో వద్దంది. సెనేట్‌లో వద్దన్నవారు 46, కానీయమన్నవారు 48. ఒక్కరు అటు నుంచి ఇటు మారి ఉంటే ఓట్లు సమానమయ్యేవి.

సరుకు వచ్చింది కానీ నమ్మకం పోయింది. 1982లో ఇంధనం ఫ్రాన్స్ ఇచ్చేలా ఇందిరా గాంధీ, రీగన్ మధ్య సర్దుబాటు కుదిరింది. ఇంధన సరఫరా హామీ కోసం 2008లో భారత్ అంతగా పట్టుబట్టింది ఈ చేదు అనుభవం వల్లే.

ఇరాన్ ఒప్పందాన్ని ఒబామా ట్రీటీగా ఎందుకు చేయలేదు?

ఇరాన్ తన అణు కార్యక్రమాన్ని తగ్గించుకుంటే ఆంక్షలు సడలిస్తామన్న ఆ 2015 ఒప్పందానికి 67 ఓట్లు వచ్చే దారి లేదు కాబట్టి. 2015లో సెనేట్‌లో రిపబ్లికన్లు 54 మంది. ఆ మార్చిలో వాళ్లలో 47 మంది ఏకంగా ఇరాన్ నాయకులకే బహిరంగ లేఖ రాశారు. కాంగ్రెస్ ఆమోదం లేని ఒప్పందాన్ని తర్వాతి అధ్యక్షుడు కలం పోటుతో రద్దు చేయగలడన్నది దాని సారం. విదేశాంగ శాఖ కూడా 2015 నవంబర్‌లో ఒక సభ్యుడికి రాసిన జవాబులో ఆ పత్రం ట్రీటీ కాదు, కార్యనిర్వాహక ఒప్పందం కాదు, దానిపై సంతకాలు కూడా లేవు, అది రాజకీయ హామీల పత్రం అని చెప్పింది.

అలాంటప్పుడు కాంగ్రెస్‌కు ఓటు ఎలా దొరికింది?

పట్టుబట్టి తెచ్చుకుంది. ఇరాన్ మీద ఆంక్షల్లో చాలావరకు కాంగ్రెస్ చేసిన చట్టాలే. వాటిని తాత్కాలికంగా సడలించే వీలును అధ్యక్షుడికి ఇచ్చింది కూడా కాంగ్రెసే. ఇచ్చిన వీలును కొన్నాళ్లు ఆపే హక్కు తమకుందని రిపబ్లికన్ బాబ్ కార్కర్, డెమొక్రాట్ బెన్ కార్డిన్ కలిసి బిల్లు తెచ్చారు. సెనేట్ 98-1, ప్రతినిధుల సభ 400-25. ఒబామా 2015 మే 22న సంతకం చేశారు.

చట్టం చెప్పేది ఇది. ఇరాన్ అణు కార్యక్రమంపై ఏ రూపంలో ఒప్పందం కుదిరినా, అనుబంధాలు, పక్క ఒప్పందాలతో సహా అయిదు రోజుల్లో కాంగ్రెస్‌కు ఇవ్వాలి. 30 రోజుల పరిశీలన పూర్తయ్యేదాకా చట్టపరమైన ఆంక్షలను సడలించకూడదు. అయితే జులై 10కి, సెప్టెంబర్ 7కి మధ్య ఇస్తే, సభల వేసవి సెలవులు అడ్డొస్తాయి కాబట్టి గడువు 60 రోజులు. ఈ చిన్న నిబంధన వియన్నాలో ఇరాన్‌తో జరుగుతున్న చర్చల్లో చాలా టెన్షన్ పెట్టింది. జూన్ 30 గడువు దాటి జులై 7కు, అక్కడి నుంచి ఇంకా ముందుకు జరిగింది. 9వ తేదీలోపు తేల్చేస్తే నెల రోజుల పరిశీలనతో సరిపోయేది. ఒప్పందం కుదిరింది 14న. దాంతో వ్యతిరేకులకు ఆగస్టు మొత్తం ప్రచారానికి దొరికింది.

సెనేట్‌లో 58 మంది వ్యతిరేకించారు కదా, ఒప్పందం ఎలా బతికింది?

ఆ ఓటు ఏమిటో చూడాలి. సెప్టెంబర్ 10న తిరస్కార తీర్మానంపై చర్చ ముగించి ఓటింగ్‌కు వెళ్లాలంటే 60 మంది కావాలి. 58 మందే దొరికారు. అందులో నలుగురు డెమొక్రాట్లు. బిల్లు రాసిన కార్డిన్ కూడా వాళ్లలో ఒకరు. మిగిలిన 42 మంది అడ్డుకోవడంతో తీర్మానం అధ్యక్షుడి దాకా వెళ్లలేదు, వీటో అవసరమే పడలేదు. వెళ్లినా, వీటోను నిలబెట్టే 34 మంది మద్దతు సెప్టెంబర్ 2 నాటికే ఖాయమైంది. సెనేట్ ఓటింగ్ మర్నాడు, సెప్టెంబర్ 11న, ప్రతినిధుల సభ ఆమోద తీర్మానం పెట్టి 162-269తో ఓడించింది. దానివల్ల చట్టపరంగా ఏమీ మారలేదు.

అంటే రెండు సభల్లోనూ మెజారిటీ వద్దన్న ఒప్పందం అమలుకు వచ్చింది. చట్టం ప్రకారం అది తప్పు కాదు. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. ‘వద్దు’ అనే ఓటు మాత్రమే ఉన్న చోట సభ్యుడు ఒప్పందం బాధ్యత మోయకుండానే తన ఓటర్లకు ముఖం చూపించుకోగలడు. భారత్ ఒప్పందానికి ‘ఔను’ అన్న 86 మంది సెనేటర్లు దానికి సొంతదారులయ్యారు. ఇరాన్ ఒప్పందానికి కాంగ్రెస్‌లో సొంతదారులు తగినంత మంది లేరు.

ట్రంప్ ఇరాన్ ఒప్పందం నుంచి బయటకు వచ్చేటప్పుడు కాంగ్రెస్ అనుమతి అడగాల్సిన పని లేదా?

లేదు. 2015 చట్టం ప్రకారం ఇరాన్ మాట మీద ఉందని అధ్యక్షుడు ప్రతి 90 రోజులకూ ధ్రువీకరించాలి. 2017 అక్టోబర్ 13న ట్రంప్ అలా ధ్రువీకరించనన్నారు. దాంతో ఆంక్షలను మామూలు మెజారిటీతో త్వరగా తిరిగి పెట్టే 60 రోజుల అవకాశం కాంగ్రెస్‌కు వచ్చింది. రిపబ్లికన్ల చేతిలో ఉన్న కాంగ్రెస్ ఆ 60 రోజులూ ఏమీ చేయకుండా గడిపేసింది. 2018 మే 8న ట్రంప్ ఒప్పందం నుంచి వైదొలిగారు. లోపలికి వెళ్లే తలుపుకు ఇన్ని తాళాలు వేసిన చట్టం బయటి తలుపును తెరిచే ఉంచింది.

ట్రీటీ అయితే బయటపడడం కష్టం కదా?

అనుకున్నంత కష్టమేమీ కాదు. రాజ్యాంగం ట్రీటీలోకి వెళ్లడం గురించి చెప్పింది, బయటకు రావడం గురించి మౌనంగా ఉంది. తైవాన్‌తో రక్షణ ట్రీటీని కార్టర్ రద్దు చేస్తే సెనేటర్ గోల్డ్‌వాటర్ కేసు వేశారు. 1979లో సుప్రీంకోర్టు తేల్చకుండానే కొట్టేయించింది. 88-2తో వచ్చిన ఏబీఎం ట్రీటీ నుంచి బుష్ ఆరు నెలల నోటీసిచ్చి 2002 జూన్‌లో బయటపడ్డారు. ప్రతినిధుల సభ సభ్యులు 32 మంది కోర్టుకు వెళ్లినా లాభం లేకపోయింది. 93-5తో వచ్చిన ఐఎన్ఎఫ్ 2019 ఆగస్టులో ముగిసింది.

డబ్బు ఆపి ఒప్పందాన్ని నీరుగార్చవచ్చా?

ఆ ఆయుధం పాతదే. 1994లో ఉత్తర కొరియాతో కుదిరిన ఒప్పందం ట్రీటీ కాదు. రియాక్టర్లను ఆపినందుకు ఏటా 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఇస్తామన్నారు. కొద్ది వారాలకే జరిగిన ఎన్నికల్లో రెండు సభలూ రిపబ్లికన్ల వశమయ్యాయి. నిధులకు కొర్రీలు పడ్డాయి, ఆయిల్ ఆలస్యమైంది. ఒప్పందం కూలడానికి రహస్య యురేనియం కార్యక్రమం వంటి పెద్ద కారణాలున్నా, నమ్మకం సన్నగిల్లడం మాత్రం ఈ ఆలస్యాలతోనే మొదలైంది.

ఇరాన్‌తో మళ్లీ ఒప్పందం కుదిరితే పాత చట్టం పనిచేస్తుందా?

పనిచేస్తుంది. 2015 చట్టం ఆ ఒక్క ఒప్పందంతో ముగిసిపోలేదు. అణుశక్తి చట్టంలో 135వ సెక్షన్‌గా చేరింది. ఏ పార్టీ అధ్యక్షుడైనా, పత్రానికి ఏ పేరు పెట్టినా కాంగ్రెస్‌కు ఇవ్వాలి. వేసవి గడువు ఆ ఏడాదికే కాబట్టి ఇప్పుడు పరిశీలన 30 రోజులే.

సౌదీ అరేబియా విషయంలో గొడవ దేనికి?

యురేనియం శుద్ధి (ఎన్‌రిచ్‌మెంట్) గురించి, అది బాంబు తయారీకీ దారి కాబట్టి. 2009లో యూఏఈ తన 123 ఒప్పందంలో శుద్ధి, రీప్రాసెసింగ్ రెండూ చేయబోనని రాసిచ్చింది. కాంగ్రెస్‌లో చాలామంది అదే కొలమానం కావాలంటారు. అయితే ఆ షరతు చట్టంలోని తొమ్మిదింటిలో లేదు. కాబట్టి అది లేని ఒప్పందం వచ్చినా తొమ్మిదీ తీరితే మౌనంతోనే అమలవుతుంది, ఆపాలంటే వీటోను దాటాలి. సవరణ బిల్లులు వస్తూనే ఉన్నా చట్టం మారలేదు.

ఇంత జరిగాక కొవ్వాడలో రియాక్టర్ ఎందుకు లేదు?

2008 ఒప్పందం అమ్ముకునే అనుమతి మాత్రమే ఇచ్చింది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడను మొదట జీఈ-హిటాచీకి అనుకున్నారు. ప్రమాదం జరిగితే యంత్రం అమ్మినవాళ్లనూ బాధ్యులను చేసే వీలున్న 2010 పరిహార చట్టం చూసి ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. గుజరాత్‌లో అనుకున్న వెస్టింగ్‌హౌస్ ప్రాజెక్టు 2016లో కొవ్వాడకు మారింది. 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు. 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ధర, బాధ్యత దగ్గరే చర్చలు నడిచాయి. ఈలోగా భూములిచ్చిన మత్స్యకార గ్రామాలవాళ్లు పునరావాసం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగారు. వాళ్ల గురించి ఆ 298-117లో గానీ, 86-13లో గానీ, 275-256లో గానీ ఎవరూ ఓటు వేయలేదు.